బాలోద్ దారిలో మా బావ వేసిన కేక

సైకిలు తొక్కడం వచ్చినవాడికి సైకిలు మీద ఊళ్ళు తిరగడం కూడా వచ్చేసినట్టేనని అనుకునేవాణ్ణి. తొంభైల మధ్యలో మా భిలాయిలో సైకిలు తొక్కడం రానివాడు లేడు. షిఫ్టు మారే వేళకి ఉక్కు ప్లాంటు గేటు దగ్గర రోడ్డు కనపడేది కాదు, హ్యాండిళ్ళూ వాటికి వేలాడే టిఫిను డబ్బాలే కనపడేవి. అలాంటి ఊళ్ళో ఒక రిటైరైన ఫిట్టరు మమ్మల్ని కూర్చోబెట్టి సైకిలు పాఠాలు చెబుతానంటే నవ్వు రాక ఏమొస్తుంది?

ఆ ఫిట్టరుని మేం బాబాయి అనేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు. ఖుర్సీపార్‌లో మాకు నాలుగిళ్ళ అవతల ఉండేవాడు, శ్రీకాకుళం వైపు మనిషి. వయసులో ఉండగా రెండుసార్లు భిలాయి నుంచి పూరీ దాకా సైకిలు మీద వెళ్ళొచ్చాడు. వెనక జీపు లేదు, దారిలో తెలిసినవాళ్ళ ఇల్లు లేదు. బియ్యం, పప్పు, స్టవ్వు, దుప్పటి, పంక్చరు సామాను అన్నీ కారియరు మీదే. రిటైరయ్యాక మళ్ళీ అలా వెళ్ళాలని ఆయనకి బుద్ధి పుట్టింది. ఒంటరిగా వెళ్తానంటే పిన్ని ఒప్పుకోలేదు. అందుకని మనుషుల్ని పోగుచేశాడు. ఎండలు ముదరకముందే బస్తరులోని చిత్రకోట్ జలపాతం దాకా వెళ్ళి రావాలి, అదీ ఆయన పథకం.

బాబాయితో కలిపి నలుగురం. నేనొకణ్ణి. నాతో రోలింగు మిల్లులో పనిచేసే ఛత్తీస్‌గఢీ స్నేహితుడొకడు. నాలుగో మనిషి మా అక్క మొగుడు, మా బావ.

బావ విజయనగరం దగ్గర్నుంచి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ప్లాంటుకి చిన్న చిన్న సామాన్లు తయారుచేసే ఒక వర్క్‌షాపులో లేతు మిషను మీద పని. చేతి పని బంగారం, నోట హిందీ సున్నా. వర్క్‌షాపులో అందరిదీ హిందీయే కాబట్టి ఆరు రోజులూ మూగగా పనిచేసి వచ్చేవాడు. ఆదివారం పొద్దున్న మా సైకిలు పాఠాల్లో మాత్రం ఆరు రోజుల మాటలూ ఒక్కసారిగా విప్పేవాడు. ‘ఆదోరం వస్తే మీ బావ ముఖం చూడాలిరా, పెళ్ళినాటి ముఖం’ అనేది అక్క. ఆ మాట నాకు బాగానే వినపడేది. వినపడిన మాటలతో నేనేం చేస్తానన్నదే ఇక్కడ సంగతి.

వరస ప్రకారం నాకు బాబాయి కాబట్టి మా బావ ఆయనకి అల్లుడయ్యాడు. మమ్మల్ని ఒరే అనే మనిషి బావని మాత్రం అల్లుడుగారూ అనేవాడు. ఈ మర్యాదకి మొదటి ఆదివారమే పరీక్ష వచ్చింది. ఎవరెవరు ఏం మోసుకొస్తారో చూపించమని మా సంచులు మైదానంలో బోర్లించాడు బాబాయి. ఖుర్సీపార్‌లో దర్జీ చేత కాన్వాసు గుడ్డతో కుట్టించిన జోడు సంచులవి, కారియరుకి అటొకటి ఇటొకటి వేలాడతాయి. నా సంచిలోంచి ట్రాన్సిస్టరు, నాలుగు జతల బట్టలు, ఒక అద్దం పడ్డాయి. 

‘ఏట్రా, పెళ్ళికెల్తన్నావా?’ అన్నాడు.

నా స్నేహితుడి సంచిలోంచి రెండు కిలోల చిట్టి గారెలు పడ్డాయి. వాటికి ఎవరూ ఏమీ అనలేదు, అక్కడే సగం అయిపోయాయి. బావ సంచిలోంచి తలగడ పడింది. చిన్నదీ చితకదీ కాదు, పూల గలేబు తొడిగిన పెద్ద దూది తలగడ.

‘ఇదేటి అల్లుడుగారూ?’

‘తలగడ, మావయ్యా.’

‘అది తెల్సు. ఎందుకనీ?’

‘నేకపోతే నాకు నిద్దర పట్టదండి.’

బాబాయి తలగడని ఎగాదిగా చూశాడు. అద్దం తీసెయ్యమని నాకు చెప్పిన మనిషి అల్లుడికి ఆ మాట చెప్పలేకపోయాడు. ‘సరే. మోసేది తమరే కదా. ఉండనీండి’ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అద్దం పోయినందుకు కాదు. ఈ మనిషిని, ఈ తలగడని వెంటేసుకుని బస్తరు వెళ్ళాలా అని.

ఆ చలికాలమంతా నేర్చుకున్నవి చెబితే చిన్నవే. బరువు రెండు పక్కలా సమంగా ఉండాలి, కింది వైపు ఉండాలి. సామానంతా కట్టాక సైకిలుని జానెడెత్తు లేపి నేల మీద వదలాలి. అప్పుడు గలగలమన్నదేదో దారిలో ఊడిపోయేది అదే. దాహం వేశాక కాదు, వెయ్యకముందే నీళ్ళు తాగాలి. చక్రం విప్పి, ట్యూబు తీసి, పంక్చరు వేసి మళ్ళీ బిగించడం ఎవరికి వారే చెయ్యాలి. ఇందులో బావ మా అందరికన్నా ముందు. చైను లింకు తెగితే అతికించడం బాబాయికే కొత్త పద్ధతి చూపించాడు. తొక్కడంలో మాత్రం అందరికన్నా వెనక. ఎందుకంటే బావ దారి పొడుగునా చూస్తూ తొక్కేవాడు. గేదెల్ని చూసేవాడు, చేలో వేసిన పంట చూసేవాడు, చూసినదాన్ని గురించి మాట్లాడేవాడు.

సామాను కొంత ఉమ్మడి. పంక్చరు అతుకులూ జిగురూ బావ దగ్గర. స్టవ్వు నా స్నేహితుడి దగ్గర. గాలి పంపు నా దగ్గర, నా సైకిలు కడ్డీకి కట్టి ఉండేది.

‘నీ బరువు నువ్వే మొయ్యాల. కానీ నీ స్పీడు నీది కాదు, అందరికన్నా నెమ్మదిగా తొక్కేవోడిది’ అనేవాడు బాబాయి. దానికి ముందు మనిషి జవాబుదారీ. ప్రతి మైలురాయి దగ్గరా అతను వెనక్కి చూడాలి, అందరూ ఉన్నారో లేదో లెక్కపెట్టుకోవాలి. ఆ ముందు మనిషిని నేనే. నాకు ఆ చోటు ఎంత నచ్చిందంటే, అదొక ప్రమోషను అనుకున్నాను.

ఒక చిక్కు మాత్రం మొదట్నుంచీ ఉంది. లారీ దాటిపోయాక దారి ఖాళీగా ఉంటే నా స్నేహితుడు ‘ఆగే, ఆగే’ అని అరిచేవాడు. హిందీలో ముందుకు పదండి అని. ఆ మాట చెవిన పడగానే మా బావ గట్టిగా బ్రేకు పట్టేవాడు. ఆగు అన్నప్పుడు ఆగక ఏం చేస్తాడు? వెనక వస్తున్నవాడు వెళ్ళి ఆయన తలగడని గుద్దుకునేవాడు. అలా రెండుసార్లయ్యాక బాబాయి పంచాయితీ పెట్టాడు.

‘అల్లుడుగారూ, రోడ్డు మీద ఆగే అంటే ఎల్లమని.’

‘మరి ఆగమనడానికేటి?’

‘రుకో.’

‘ఎల్లమనడానికి ఆగమంటారా? ఇదేటి దేశమండీ’ అన్నాడు బావ. నా స్నేహితుడికి విషయం చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ రోజునుంచి ‘ఆగే’ అంటే వెళ్ళడం, ‘రుకో’ అంటే ఆగడం అని ఖాయమైంది.

ఫిబ్రవరి చివర్లో అసలు పరీక్ష. బాలోద్ దగ్గర తాందులా డ్యాముకి అరవై కిలోమీటర్ల దారి. మేం ముగ్గురం పూర్తి బరువుతో తొక్కుకు వెళ్ళాలి. బాబాయి బస్సులో ముందే వెళ్ళి అక్కడ కూర్చుంటాడు. ‘ముగ్గురూ ఒచ్చాకే వంట. దారిలో ఎవడైనా బండెక్కినాడంటే మరి బస్తరు రాడు. ఎవరైనా సరే’ అని చెప్పాడు. ‘ఎవరైనా’ అన్నప్పుడు బావ వైపు చూడకుండా చెప్పాడు, పాపం.

రుఆబాంధా దగ్గర తెల్లారగట్ల కలుసుకుని బయల్దేరాం. చలిగాలి, ఖాళీ రోడ్డు, కట్టుదిట్టంగా కట్టిన సామాను. ఉతయి దాటేదాకా బావ పెసరచేల గురించి చెబుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఒకటే ధ్యాస. బాబాయి అనుకున్నదానికన్నా ముందే చేరాలి, ఆయన చేత ‘అప్పుడే ఒచ్చీసారేటి’ అనిపించుకోవాలి. ఇంత చిన్న మాట కోసమా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు ఆ మాట కోసమే తొక్కుతున్నాను.

దారిలోని గుండర్దేహి ఊరు ఇంకా రాలేదు. రోడ్డు కాస్త పల్లంగా ఉంది, సైకిళ్ళు వాటంతటవే పోతున్నాయి. అప్పుడు వెనకనుంచి కేక వినిపించింది.

‘ఆగూ... ఆగూ...’

కంగారులో రుకో గుర్తురాలేదు బావకి. మధ్యలో ఉన్న నా స్నేహితుడికి అది తను రోజూ వేసే కేకలాగే వినపడింది. వాడు హుషారుగా తలొంచుకుని తొక్కుతూ దాన్ని నాకు అందించాడు. ‘ఆగే! ఆగే!’

నాకు రెండు కేకలూ వినిపించాయి. ఒకటి ఆగమంటోంది, ఒకటి పదమంటోంది. ఏది ఎవరిదో, ఏది ఏ భాషో నాకు తెలుసు. పైగా వెనక్కి తిరిగి చూశాను. చాలా దూరంలో, పూసిన మోదుగ చెట్టు కింద, బావ సైకిలు పడుకోబెట్టి ఉంది. బావ నిలబడి ఒక చెయ్యి పైకెత్తాడు.

నేను ముందుకు తిరిగి తొక్కాను.

పంక్చరే అయ్యుంటుంది, అతుకులు ఆయన దగ్గరే ఉన్నాయి, పది నిమిషాల పని, అందుకుంటాడు అనుకున్నాను. ఒక ఫర్లాంగు పోయాక నా మోకాలికి గాలి పంపు తగిలింది. అప్పుడైనా ఆగాలి. ఆగితే వెనక్కి ఎత్తు మీదికి తొక్కాలి, గంట పోతుంది. ఆగలేదు. గుండర్దేహిలో నీళ్ళు పట్టుకుంటుంటే నా స్నేహితుడు ‘భయ్యా కహాఁ హై?’ అని బావ ఎక్కడో అడిగాడు. ‘ఆ రహా హై’, వస్తున్నాడు అన్నాను. వాడు నమ్మాడు.

డ్యాము గట్టు మీద బాబాయి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ‘అప్పుడే ఒచ్చీసారేట్రా’ అన్నాడు. సరిగ్గా నేను కోరుకున్న మాటే. దాని రుచి ఎంతసేపుందంటే, ఆయన తర్వాతి మాట అనేదాకా.

‘అల్లుడుగారేరీ?’

మూడు గంటలసేపు ఆ మాటకి జవాబు రాలేదు. బాబాయి రోడ్డు దాకా వెళ్తాడు, వస్తాడు. స్టవ్వు ముట్టించనివ్వడు. నేను వెతకడానికి వెళ్తానంటే ‘ఇప్పుడెల్తావా’ అన్నాడు. చివరికి గడ్డి వేసుకొచ్చే ట్రాక్టరు ఒకటి గట్టు కింద ఆగింది. గడ్డి మోపుల మీద సైకిలు, దాని పక్కన తలగడ ఆనుకుని మా బావ. దిగి, ట్రాక్టరు నడిపే పెద్దమనిషికి వంగి వంగి దండాలు పెట్టాడు. ఆయన ఛత్తీస్‌గఢీలో ఏదో అంటే ఈయన తెలుగులో జవాబు చెప్పాడు. ఇద్దరికీ బాగానే అర్థమైనట్టుంది.

‘అతుకేసీసినాను మావయ్యా. చక్రం బిగించీసినాను. గాలొకటే నేదు’ అన్నాడు బావ. ‘ఊళ్ళో అడిగితే ఎవలకీ నా మాట తెలవలేదు. రెండు కోసులు నడిపించీసరికి కాలు పట్టీసింది. ఆయనొచ్చి ఎక్కించుకున్నారు.’

బాబాయి నా వైపు తిరిగాడు. ‘కేకెయ్యలేదా ఈయన?’

నోట్లోంచి అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. ‘వేశాడు. ఆగే అన్నాడనుకున్నాను’ అన్నాను.

 నా స్నేహితుడు నెత్తి కొట్టుకున్నాడు, ‘మైనే భీ యహీ సునా యార్’, నేనూ అదే విన్నానని. బాబాయికి నవ్వాగలేదు, కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. బావ నా ముఖంలోకి చూశాడు. చూసి, ఆయనా నవ్వాడు. ‘నాదే తప్పు. రుకో అనాల’ అన్నాడు.

అన్నం తిన్నాక బాబాయి నవ్వడం మానేశాడు. నీళ్ళ వైపు చూస్తూ, ‘అల్లుడుగారూ, బండెక్కినోరు రాకూడదని అనుకున్నాం. ఏటనుకోకండి’ అన్నాడు. అల్లుడితో ఆ మాట అనడానికి ఆయన ఎంత నలిగిపోయాడో తెలుస్తూనే ఉంది.

‘అనుకున్నాం కదండీ’ అన్నాడు బావ.

ఒక్క మాటతో నేను ఆ మనిషి చోటు నిలబెట్టగలను. నేను పళ్ళెం కడుక్కోవడానికి వెళ్ళాను.

ఆగు, ఆగే కథ వారంలో ఖుర్సీపార్ అంతా పాకిపోయింది. కిరాణా కొట్టు దగ్గర, నీళ్ళ పంపు దగ్గర అదే నవ్వు. నేను కూడా చెప్పాను, అభినయంతో సహా. తర్వాతి ఆదివారం బావ మైదానానికి రాలేదు. ఆ పై ఆదివారం అక్క ఇంటికి వెళ్తే, ఆయన లోపల పడుకుని ఉన్నాడు. సైకిలు శుభ్రంగా కడిగి, గోనె కప్పి, మూల పెట్టి ఉంది.

‘ఏటైందే?’ అన్నాను.

‘ఏటీ అవలేదు. నా బాస వల్ల ఆళ్ళందరికీ ఇబ్బందైపోయిందంటారు. తానం చేస్తూ రుకో రుకో అనుకుంటన్నారు. ఇన్నానురా, తలుపవతల్నుంచి. నవ్వాలో ఏడవాలో తెలవలేదు’ అంది అక్క.

నేను నవ్వలేదు. టీ కూడా తాగకుండా వచ్చేశాను. ఒక పెద్ద మనిషి చెయ్యని తప్పుకి చెంబుతో నీళ్ళు పోసుకుంటూ ఒక మాట వల్లెవేసుకుంటున్నాడు. ఆయనకి ఆ పాఠం పెట్టింది నేను.

మర్నాడు షిఫ్టు నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళాను. అక్క నీళ్ళకి వెళ్ళింది. బావ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చుని నాలుగు కాయలు తీశాక చెప్పాను.

‘బావా, ఆ రోజు నువ్వు ఆగమన్నావని నాకు తెలుసు.’

ఆయన చెయ్యి ఆగలేదు. ‘తెల్సు’ అన్నాడు.

‘ఏం తెలుసు?’

‘నువ్వు ఎనక్కి తిరిగినావు కదా. నేను చూసినాను.’

‘మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?’

‘ఏటని చెప్తాను, బామ్మర్దీ? నా పెళ్ళాం తమ్ముడు నన్ను రోడ్డు మీద ఒగ్గీసి ఎల్లిపోనాడనా? ఆయన ముందు?’ ఒక పురుగు కాయని దూరంగా విసిరాడు. ‘ఆళ్ళందరూ నవ్వుతన్నారు. నవ్వే బాగుందనిపించింది.’

క్షమించమని అడగడానికి వెళ్ళినవాణ్ణి, ఆ మాట నోటికి రాలేదు. బాబాయితో చెబుతానన్నాను. వద్దన్నాడు. ‘నిన్ను తీసీస్తారు. మీ అక్క నన్ను తిడతది’ అన్నాడు. ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. బావే వద్దన్నాడు కదా అని రెండు రోజులు నోరు మూసుకుని తిరిగాను. మూడో రోజు మిల్లులో నా స్నేహితుడు ఎవరికో ఆగే కథ చెప్పి నవ్విస్తూ, చివర్లో ‘కానీ పాపం, నా వల్లే ఆ భయ్యా ప్రయాణం పోయింది’ అన్నాడు హిందీలో. వాడి ముఖంలో నిజంగా బాధ ఉంది. తను తప్పు విన్నందుకు ఇన్నాళ్ళూ వాడూ మోస్తున్నాడన్నమాట.

ఆ సాయంత్రం వాణ్ణి వెంటబెట్టుకుని బాబాయి ఇంటికి వెళ్ళాను. ఇద్దరి ముందూ, రెండు భాషల్లోనూ చెప్పాను. బాబాయి స్టవ్వు పిన్నుతో శుభ్రం చేస్తున్నాడు.

‘పంపు నీ దగ్గరే ఉందని గుర్తుందా అప్పుడు?’

‘ఉంది.’

‘ఊఁ’ అన్నాడు. చాలాసేపు స్టవ్వులోకి ఊదాడు. ‘అయితే అల్లుడుగారు బండెక్కలేదు. నువ్వెక్కించినావు.’

నా స్నేహితుడు తన భాషలో ‘తోలా లాజ్ నై లాగిస్?’ అని అడిగాడు. నీకు సిగ్గెయ్యలేదా అని. వేసింది అన్నాను. వాడు నాతో నాలుగు షిఫ్టులు మాట్లాడలేదు.

బాబాయి నన్ను తీసెయ్యలేదు. తీసేస్తే బాగుండునని కూడా అనిపించింది, లెక్క తేలిపోయేది. ఆయన స్వయంగా చొక్కా మార్చుకుని బావ ఇంటికి వెళ్ళి, రావాలని అడిగాడు. బావ ఒక రోజు ఆలోచించుకుంటానన్నాడు. ఆలోచించుకుని సరేనన్నాడు. వరస మాత్రం మారింది: ముందు బాబాయి, తర్వాత నా స్నేహితుడు, తర్వాత బావ, అందరికన్నా వెనక నేను.

మార్చి మధ్యలో బయల్దేరాం. మొదటి రెండు రోజులు బావ నాతో ముక్తసరిగానే ఉన్నాడు. దారి గురించి ఆయన చెప్పే కబుర్లన్నీ ముందున్న నా స్నేహితుడికే, వాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా. వెనక తొక్కడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ముందు మనిషి తనకి తోచినట్టు తొక్కుతాడు. వెనకవాడు ఎదుటి మనిషి ఆగితే ఆగాలి, చేను చూస్తే తనూ చేను చూడాలి.

మూడో రోజు కేష్కాల్ ఘాటు రోడ్డు ఎక్కాం. మలుపు మీద మలుపు, బరువుతో తొక్కడం కుదరదు, దిగి నెట్టాల్సిందే. ఎండ నెత్తి మీదికొచ్చింది. బాబాయీ, నా స్నేహితుడూ పై మలుపు దాటి కనపడకుండా పోయారు. బావ రోడ్డు పక్కకి సైకిలు లాగి స్టాండు వేశాడు. నేనూ వేశాను.

ఆయన రాయి మీద కూర్చున్నాడు. ఒక చెప్పు విప్పి దులిపాడు. రెండోదీ విప్పి దులిపాడు. సీసాలో నీళ్ళు తాగి, మూత బిగించి, మళ్ళీ మూత తీసి ఇంకో గుక్క తాగాడు. కింద లోయలో అడివంతా ఎర్రగా పూసి ఉంది. దాన్ని నిదానంగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

‘నీకు తొందరైతే ఎల్లు’ అన్నాడు, నా వైపు చూడకుండా.

‘తొందర్లేదు’ అన్నాను.

‘ఆళ్ళు పైన చూస్తంటారు.’

‘చూడనీ.’

ఆయన ఒక గడ్డిపరక తుంచి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నిజంగా అలిసిపోయాడో, నన్ను చూస్తున్నాడో నాకు తెలియలేదు. అడగలేదు. ఒక లారీ మూలుగుతూ మమ్మల్ని దాటి వెళ్ళింది, దాని వెనక ఇంకోటి. నా సైకిలు బరువుకి పక్కకి ఒరుగుతుంటే పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపటికి బావ లేచి, చెప్పులు తొడుక్కుని, కింద అడివి వైపు చెయ్యి చూపిస్తూ, ‘అదిగో ఆ చెట్టు చూసినావా, బామ్మర్దీ, మా ఊళ్ళో దీన్ని ఏటంటారో తెల్సా’ అని మొదలుపెట్టాడు. ఆ కబురు కొండ పైదాకా వచ్చింది.